సర్దుకున్న కాపురం

ఆకాశంలో కొన్ని నక్షత్రాలు జంటలుగా ఉంటాయి. వాటిలో ఒకటి ముసలిదై, ఉబ్బి, ఎర్రబడి, తన ఒంట్లోని పదార్థాన్ని గాలిలా చుట్టూ వదిలేస్తుంటుంది. రెండోది ఎప్పుడో ఆరిపోయి, కుదించుకుపోయి, చిన్నగా, తెల్లగా, చెప్పలేనంత బరువుగా ఆ పక్కనే తిరుగుతూ ఆ గాలిని లాక్కుని తింటుంటుంది. తిండి వచ్చి దాని ఒంటిమీద పడే వేగానికి అక్కడ ఎక్స్‌రేలు పుడతాయి. శాస్త్రం రాసిన పెద్దలు వీటికి సహజీవన తారలు అని పేరు పెట్టారు. ఒకటి రెండోదాన్ని పీక్కుతినడాన్ని సహజీవనం అన్న మహానుభావుడెవరో గానీ, ఇంట్లో ఎవరో వడ్డిస్తే కూర్చుని తిన్న మనిషే అయ్యుంటాడు.

అలాంటి జంటనొకదాన్ని మేం నేలమీద, కాదు, నేల లోపల చేశాం. మా వైపు ముగ్గురాయి గనులున్నాయి, బెరైటీస్ అంటారే, అదే. ఆ రాయికి ఒక గుణం ఉంది. అది ఎక్స్‌రేలను దాటనివ్వదు. అందుకే రాయి తవ్వేసి వదిలేసిన ఒక గనిని తీసుకుని, అడుగున గది కట్టి, పైన ఒక లిఫ్టు, ఒక కంట్రోల్ రూమ్ పెట్టి, ప్రయోగశాల అని బోర్డు తగిలించాం.

మేం అంటే ఒకే ఇంటివాళ్ళం. నా పేరు నాగవేణి, ఎక్స్‌రేలను కొలిచే పని నాది. మా తమ్ముడు చెంగల్రాయుడు ప్రయోగశాలకు పెద్ద. వాడి భార్య కుసుమ. బోర్డుమీద ఉన్నది రాయుడి పేరే అయినా, అసలు సంగతి కనిపెట్టింది కుసుమ. వడ్లగింజంత స్ఫటికాన్ని లేజర్ల మధ్య నొక్కి నొక్కి, ఆ కాస్త చోటులో అది ఆరిపోయిన నక్షత్రంలాగే లాగేటట్టు చేసింది. మేం దాన్ని గింజ అనేవాళ్ళం. అయస్కాంతాల మధ్య గుమ్మడికాయంత ఎర్రటి మంటను వేలాడదీసి, దాని పక్కన గింజను తిప్పితే చాలు. గింజ మంటను తింటుంది, ఎక్స్‌రేలు కక్కుతుంది, గోడలకున్న పలకలు వాటిని కరెంటుగా మారుస్తాయి. మంట తరిగిపోకుండా ఒక వాల్వు తిప్పి ఎప్పటికప్పుడు వాయువు పోస్తుండాలి. ఒక్క గింజతో కోడూరు చుట్టుపక్కల తోటలన్నిటికీ మోటార్లు ఆడించవచ్చని తేలింది.

లిఫ్టు నడిపే ఓబులేసుకు మాత్రం సహజీవనం అనే మాట నచ్చలేదు.

"పెండ్లి కాకుండా కలిసుండేదాన్ని కదా మేడం అట్ల అంటారు? పేపర్లో రోజూ రాస్తాండారు. మన గనిలో అట్లాంటి యవ్వారం వద్దు" అని గది తలుపుకు పసుపుకొమ్ము కట్టేశాడు. ఎర్రమంటకు ఎర్రమ్మ అని, గింజకు తెల్లోడు అని పేర్లు పెట్టి, మొత్తం కలిపి కాపురం అన్నాడు. ఆ పేరు అందరికీ అంటుకుంది. ఢిల్లీకి పంపే రిపోర్టుల్లో తప్ప మేం దాన్ని ఇంకో పేరుతో పిలిచిన పాపాన పోలేదు.

కాపురం మొదట్లో రచ్చరచ్చగా ఉండేది. తెల్లోడి తిండికి ఒక పద్ధతి లేదు. కాసేపు గతికేవాడు, అంతలోనే మానేసేవాడు. ఎక్స్‌రేలు ఒక్కసారిగా ఎగిసిపడేవి. పలకలు మాడిపోయేవి. ఒకరోజు తలుపు సందులోంచి చిమ్మిన కిరణాలు తగిలి, పలకలు మార్చే మేస్త్రీ ముంజేతి చర్మం తొక్కలా ఊడి వచ్చింది. అతని కేకలు లిఫ్టు గొయ్యిలోంచి పైదాకా వినిపించాయి. నేను కొలిచే పరికరం, దాన్ని మేం కన్ను అంటాం, అది కూడా మాటిమాటికీ కాలిపోయేది. కన్ను ముందు మందపాటి అల్యూమినియం రేకు బిగించమన్నాడు రాయుడు.

"రేకు పెడితే శక్తి తక్కువుండే మెత్తటి ఎక్స్‌రేలు దాటవు రా. గట్టివి మాత్రమే కనపడతాయి" అన్నాను.

"కరెంటు ఇచ్చేవి గట్టివే కదక్కా. మెత్తటివాటితో మనకేం పని?" అన్నాడు.

ప్రయోగశాలకు పెద్ద వాడే. రేకు బిగించాం.

*

గనిలో రచ్చ అయిన రోజు ఇంట్లోనూ రచ్చే. నా క్వార్టరు వాళ్ళ పక్కనే. ఒక మధ్యాహ్నం అన్నానికని వెళ్ళేసరికి సంగటి ముద్ద గోడకు అంటుకుని ఉంది, స్టీలు పళ్ళెం బోర్లా పడి ఉంది. కుసుమ వంటింటి గడపలో కూర్చుని ఎడమ మణికట్టును ఒళ్ళో పెట్టుకుంది. పెదవి చిట్లి రక్తం గడ్డందాకా కారింది. రాయుడు తీరిగ్గా చెయ్యి కడుక్కుంటున్నాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"నీకెందుకక్కా? మొగుడూ పెండ్లాల మధ్య ఏదో ఉంటాది."

"చెయ్యి విరిచినావా?"

"విరగల్యా. మెలిపడింది, అంతే." తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "మీటింగులో నలుగురి ముందర నన్ను తప్పు పట్టింది. వాయువు ఎక్కువ పోస్తాండారు, తగ్గించకపోతే ఎప్పుడో అంటుకుంటాదంట. గొంతు చించుకుని చెప్తాది. గట్టిగా మాట్లాడొద్దని ఎన్ని మార్లు చెప్పినా ఇనదు."

నాకు ఒళ్ళు తెలియలేదు. వాడి చెంప పగిలేలా ఒక్కటి ఇచ్చాను. గడ్డం నెరిసిన మనిషి, తలుపుకు కొట్టుకుని నిలబడ్డాడు. వాడు నామీదికి రాబోయేలోపే అమ్మ పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి పట్టుకున్నది వాడి చేతిని కాదు, నా చేతిని.

"మొగోడిమీద చెయ్యి చేసుకుంటావేందే, సిగ్గుల్యా నీకు?"

"వాడు ఆడదానిమీద చేసుకుంటే నీకు సిగ్గు కాలేదా?"

"సంసారమన్నాక అన్నీ ఉంటాయి. సర్దుకోవాల. నేను సర్దుకోల్యా?" అంది అమ్మ.

నేను కుసుమను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మెట్లమీద జారిపడ్డానని కుసుమే డాక్టరుకు చెప్పింది. ఎముకకు చీలిక ఉంది. కట్టు కట్టి పంపారు. దారిలో ఆమెను మా క్వార్టరులో ఉండమన్నాను. నేను పెండ్లి చేసుకోని దాన్ని, నన్ను అడిగేవాడెవడూ లేడు. ఆమె కిటికీలోంచి బొప్పాయి తోటలను చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"గింజ ఆయన చేతిలో ఉంది కదా వదినా. ఇల్లు దాటితే నన్ను గనిలోకి రానీడు" అంది. పిల్లలు లేని మనిషికి ఆ గింజే బిడ్డ. దాన్ని వదిలి రాలేదు.

ఆ తర్వాత కుసుమ మాట తగ్గిపోయింది. మీటింగుల్లో నోరు విప్పడం లేదు. ఏదైనా అడిగితే జవాబు కోసం వంగి చెవి పెట్టాల్సి వచ్చేది. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి అమ్మ వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా? నీ మరదలు సర్దుకునింది. ఇప్పుడు ఇల్లు ఎంత గమ్మునుండాదో" అంది.

లోపల కుసుమ ఒంటిచేత్తో దోసె తిరగేస్తోంది. కొంగు జారితే మెడమీద నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా కనిపించాయి. ఆమె గబుక్కున కొంగు సర్దుకుంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

అదే రోజు కంట్రోల్ రూములో పండగ. పొద్దున్నుంచి గట్టి ఎక్స్‌రేలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, గీత తిన్నగా పడుకుంది. ఎగిసిపడడం లేదు, పలకలు మాడడం లేదు. కరెంటు కొంచెమే వచ్చినా నిలకడగా వస్తోంది. రాయుడు అందరికీ బొప్పాయి ముక్కలు పంచిపెట్టాడు.

"కాపురం సర్దుకునింది! రేపే ఢిల్లీ పెద్దోళ్ళను రమ్మని చెప్పినా. ఇంక వాయువు పెంచుదాం. ఇప్పుడు ఎంత పోసినా తట్టుకుంటాది" అన్నాడు.

సర్దుకున్నదాని నెత్తిన ఇంకాస్త వెయ్యడం మా ఇంటి ఆచారం. పొద్దున అమ్మ నోట, మధ్యాహ్నం కొడుకు నోట ఒకే మాట వినేసరికి నాకు బొప్పాయి గొంతు దిగలేదు. తెల్లోడికి పోసే తిండి తగ్గలేదు, పెరిగింది. మరి అరుపు ఎందుకు తగ్గింది? తిన్నదంతా ఎక్కడికి పోతోంది?

*

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే గనిలోకి దిగి, కన్ను ముందున్న అల్యూమినియం రేకు విప్పేసి, ఉల్లిపొరంత పలచటి ప్లాస్టిక్ పొర తగిలించి పైకి వచ్చాను. కంట్రోల్ రూములో స్విచ్ వేయగానే సూది చివరికంటా కొట్టుకుని వణికింది. కాసేపు అలాగే వణికి, కన్ను కాలిపోయి, సూది పడిపోయింది.

మెత్తటి ఎక్స్‌రేలు. గది నిండా అవే. ఇన్నాళ్ళూ ఆ రేకు వెనక మాకు కనపడకుండా ఉన్నాయి. తెల్లోడి మీద పడే తిండి ఎంత దట్టమైపోయిందంటే, గట్టి ఎక్స్‌రేలు పుట్టిన చోటే అణిగిపోయి, బయటికి వచ్చేసరికి మెత్తబడి వస్తున్నాయి. వాడు అరవడం మానలేదు. అరుపును కూడా దిగమింగుతున్నాడు. మింగినదంతా కాలకుండా ఒంటిమీదే పొరలు పొరలుగా పేరుకుంటోంది. ఆ పొర తగినంత మందమయ్యాక ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆకాశంలో జరిగితే దాన్ని నోవా అంటారు, దూరంనుంచి చూసి మురిసిపోతారు. ఇక్కడ అది మా కాళ్ళ కింద ఉంది. ఇప్పుడు వాల్వు కట్టేసినా లాభం లేదు, తిన్నది తినేసింది. మనుషులను పైకి తెచ్చి, గనికి దూరంగా పరుగెత్తించడం ఒక్కటే దారి.

"గనిలో ఎవరున్నారు?" అని ఓబులేసును అడిగాను.

"కుసుమమ్మ ఉంది మేడం. ఇప్పుడే దింపి వచ్చినా. పెద్దోళ్ళు దిగేసరికి వాల్వు పెంచి పెట్టమని సార్ పంపినాడు" అన్నాడు.

రాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని లిఫ్టు షెడ్డులో పూలదండలు సర్దిస్తున్నాడు. నేను జరిగింది చెప్పాను.

"సైరన్ కొట్టు రా. కుసుమను పైకి పిల్చు."

"ఏదీ, సూది చూపించు."

"కన్ను కాలిపోయింది."

"కాలిపోయిన కన్ను చూసిందని చెప్తే నేను సైరన్ కొట్టాల్నా?" నవ్వాడు. "అక్కా, కార్లు గేటు కాడికి వచ్చేసినాయి. ఆ యమ్మి కూడా ఇట్లనే అంటుకుంటాది, అంటుకుంటాది అని బెదిరించింది. ఏమైంది? అది సర్దుకునింది. నువ్వు గమ్మునుండు."

సైరన్ తాళంచెవి వాడి జేబులోనే ఉంది. నేను వాణ్ణి తోసుకుని లిఫ్టు వైపు నడిచాను. వాడు వెనకనుంచి నా జుట్టు పట్టుకుని లాగాడు. నా తల ఇనపస్తంభానికి కొట్టుకుంది. కళ్ళలోకి రక్తం కారింది. రెండోసారి కొట్టబోతుంటే నా చేతికి సీసం ఇటుక తగిలింది. ఎక్స్‌రేలకు అడ్డం పెట్టడానికి అక్కడ ఎప్పుడూ కుప్ప ఉంటుంది. దాన్ని ఎత్తి వాడి కుడిచేతిమీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నేనే పట్టుకుని పలకమీద అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. వాడు మోకాళ్ళమీద కూలి, నేను చిన్నప్పుడు విన్న గొంతుతో అక్కా అని అరిచాడు. అయినా ఆగలేదు, లిఫ్టు ఎక్కాను. ఓబులేసు నోరు తెరుచుకుని చూస్తూ మీట నొక్కాడు.

*

అడుగున చప్పుడే లేదు. సీసపు అద్దం అవతల ఎర్రమ్మ చిక్కిపోయి, వేలాడే గుడ్డపీలికలా ఉంది. తెల్లోడు నిశ్చలంగా, పాలిపోయిన వెలుగుతో తిరుగుతున్నాడు. కుసుమ వాల్వు పక్కన స్టూలుమీద కూర్చుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో, రెండో చెయ్యి చక్రంమీద.

"కుసుమా, లెయ్. ఇది అంటుకుంటాది."

ఆమె పెదవులు కదిలాయి. దగ్గరికి వెళ్ళి వంగాను.

"తెలుసు వదినా" అంటోంది.

"తెలిసి కూచున్నావా?"

"ఆయన చెప్పినదానికంటే ఎక్కువే తిప్పినా." నా వైపు చూడలేదు. "ఆయన దిగి వస్తాడు కదా. నేను ఈడే ఉంటా."

చంపబోయేది నా తమ్ముణ్ణి. చంపబోయేది నేను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయిన పిల్ల. ఇద్దరిమీదా ఒకేసారి పట్టరాని కోపం వచ్చింది.

"వాడొక్కడే దిగడు కుసుమా. ఓబులేసు కూడా దిగుతాడు. వాడు నీకేం ద్రోహం చేసినాడు? దండలు వేయించుకునే ఆ ఢిల్లీ ముసలోళ్ళు ఏం చేసినారు?"

"నేను చెప్పినా వదినా. ముందే చెప్పినా. దానికే ఈ చెయ్యి. ఇంకా చెప్తే గొంతు పిసికినాడు. ఇంక నాకు చెప్పే ఓపిక లేదు."

"ఓపిక లేకపోతే పోనీ. నేను మోస్తా."

ఆమె నడుం పట్టుకుని స్టూలు మీదనుంచి లాగాను. చక్రాన్ని వదల్లేదు. వేళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీయాల్సి వచ్చింది. గోళ్ళతో నా ముంజేతిని రక్కింది, కాలితో తన్నింది. ఇన్నాళ్ళూ మొగుణ్ణి తన్నాల్సిన తన్నులన్నీ నాకు పడ్డాయి. నేలమీద ఈడ్చుకుంటూ తలుపుదాకా తెచ్చాను. అక్కడ లిఫ్టులో ఓబులేసు భయంతో బిగుసుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి కుసుమ పెనుగులాట మానేసింది. తనంతట తానే లేచి లోపలికి వచ్చింది.

"పైకి పోనీ ఓబులేసన్నా. బిరబిరా పోనీ" అంది.

*

పైన షెడ్డు నిండా జనం. ఢిల్లీనుంచి వచ్చిన తెలుగు పెద్దల మెడల్లో దండలు పడ్డాయి. రాయుడు విరిగిన చేతిమీద తువ్వాలు కప్పుకుని నవ్వుతున్నాడు. నుదుటిమీద చెమట ధారగా కారుతోంది.

"పేలుతాది! అందరూ బయటికి పరిగెత్తండి!" అని అరిచాను. రక్తం కారే ముఖంతో, చెదిరిన జుట్టుతో నేనెలా కనిపించి ఉంటానో నాకు తెలుసు. ఒక పెద్దాయన రెండడుగులు వెనక్కి వేసి రాయుడి వైపు చూశాడు.

"మా అక్కకు కొంచెం ఒంట్లో బాగలేదండీ. భయపడకండి" అన్నాడు రాయుడు, పైవాళ్ళతో మాట్లాడే నాజూకు తెలుగులో. "అదిగో గోడమీద గ్రాఫు చూడండి. ఎంత ప్రశాంతంగా ఉందో. నేనొక్కణ్ణే ముందు దిగుతాను. కెమెరాలో మీకు చూపిస్తాను. తర్వాత మీరు దిగుదురు గానీ."

నేను ఓబులేసు కాలరు పట్టుకుని లిఫ్టులోంచి బయటికి గుంజేశాను. రాయుడు ఎడమచేత్తో నన్ను పక్కకు నెట్టి లిఫ్టు వైపు వచ్చాడు. తలుపు దగ్గర కుసుమ నిలబడి ఉంది. ఆమె పడిపోకుండా నేను భుజం పట్టుకున్నాను. ఆమె నోరు నా చెవి పక్కనే ఉంది.

"పోవద్దు" అంది వాడితో. "అంటుకుంటాది. పోవద్దు."

నేను విన్నాను. వాడు ఆమె ముఖంలోకి చూశాడు, భుజంతో ఆమెను తోసేసి లోపలికి దూరాడు. నేను కటకటాల తలుపు పట్టుకున్నాను. లోపలినుంచి నా వేళ్ళమీద బూటుకాలితో తన్నాడు. రెండు వేళ్ళు నలిగిపోయాయి, పట్టు జారింది. లిఫ్టు దిగిపోయింది.

నేను ఏం అరిచానో నాకు గుర్తులేదు. ఓబులేసు దండల మనుషులను దొరికినవాణ్ణి దొరికినట్టు బయటికి నెడుతున్నాడు. నేను కుసుమను చంకలో ఇరికించుకుని పరుగెత్తాను.

మొదట నేల లేచింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. నేను బోర్లా పడ్డాను, నోట్లో పళ్ళు కదిలాయి. వెనక్కి తిరిగి చూస్తే గని నోట్లోంచి తెల్లటి దుమ్ము స్తంభంలా పైకి లేస్తోంది. దానిలోనే లిఫ్టు షెడ్డు రేకులు, ఇటుకలు, దూలాలు ఎగిరి పడుతున్నాయి. తెగిన లిఫ్టు తాడు గాలిలో ఒక్కసారి చుట్టు తిరిగి పార్కింగులో ఉన్న కారును రెండుగా కోసేసింది. ఓబులేసు చెవులు రెండింటిలోనుంచీ రక్తం కారుతోంది. అతను అరుస్తున్నాడని నోరు చూసి తెలిసింది. అందరి ఒంటిమీదా ముగ్గురాయి పొడి పేరుకుని, ఎవరెవరో గుర్తుపట్టలేకుండా ఉన్నాం.

రాయి తన పని తాను చేసింది. ఎక్స్‌రేలు గని దాటలేదు. పైనున్నవాళ్ళంతా బతికారు. రాయుడిది ఒక బూటు, కాలిన నడుంపట్టీ దొరికాయి. వాటినే మేం దహనం చేశాం.

*

విచారణకు వచ్చిన అధికారి గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు. గెస్ట్‌హౌస్ హాలులో బల్ల వేసుకుని కూర్చున్నాడు. శిథిలాల్లో వాల్వు చక్రం దొరికిందట. రాయుడు ఆర్డరు వేసినదానికంటే చాలా ఎక్కువ తిరిగి ఉందట. అందుకని ఆయనకు కావాల్సింది ఒక్కటే. కుసుమ మొగుణ్ణి హెచ్చరించిందా, లేదా. హెచ్చరిస్తే ప్రమాదం. తెలిసీ చెప్పకుండా పోనిస్తే హత్య.

కింద గదిలో కుసుమ నాతో అన్న మాట నేను ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

"చెప్పండమ్మా, ఆయన లిఫ్టు ఎక్కేటప్పుడు మీరేమన్నారు?" అని అడిగాడు.

కుసుమ పెదవులు కదిలాయి.

"కాస్త గట్టిగా చెప్పండమ్మా."

మళ్ళీ కదిలాయి. ఆయన కలం పట్టుకుని ఎదురుచూశాడు.

"పోవద్దు, అంటుకుంటాది అనింది సార్. నేను పక్కనే ఉన్నా. నా చెవులతో విన్నా" అన్నాను.

"నాగవేణి గారూ, మీరు ఆయన చెయ్యి విరగ్గొట్టిన మనిషి. మీ మాట నేను ఎంతవరకు నమ్మాలి? అక్కడున్న పెద్దలను అడిగాను. ఈమె పెదవులు కదిలాయని చెప్పారు గానీ, ఒక్క మాట కూడా వినలేదట. పోనీ, మీకు వినపడింది. ఆయనకు వినపడేటట్టు చెప్పిందా?"

వాడు ఆమె ముఖంలోకి చూడడం మాత్రమే నేను చూశాను. ఆ చూపులో విన్నట్టు ఉందా, విననట్టు ఉందా అని ఎన్నిసార్లు తలుచుకున్నా తేలలేదు. అధికారి కలం కాగితంమీద పెట్టాడు.

గోడ పక్కన చాపమీద అమ్మ కూర్చుని ఉంది. దహనం అయినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు గోడ పట్టుకుని లేచింది. కోడలిమీద దుమ్మెత్తి పోస్తుందనే అనుకున్నాను. ఆపడానికి నేను లేచి అడ్డం వెళ్ళాను. అమ్మ నన్ను పక్కకు జరిపి బల్ల ముందుకు వచ్చింది.

"నేను వాని తల్లిని సార్. వాళ్ళ గదికీ నా గదికీ నడిమధ్య ఒక తలుపే" అంది. "దెబ్బలు నాకు ఇనపడేటివి. ఈ యమ్మి గొంతు మాత్రం ఇనపడేది కాదు."

"అంటే ఏమిటమ్మా మీరనేది?"

"మొదట్లో బాగా ఇనపడేది సార్. గట్టి గొంతు ఈ యమ్మిది. వాడే కొట్టి కొట్టి తగ్గించినాడు. తగ్గేకొద్దీ నేను సంతోషపడినా." అమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "చెప్పే ఉంటాది సార్. తనకు ఇనపడకుండా చేసుకునింది నా కొడుకే. అట్లనే రాసుకోండి."

అధికారి అలాగే రాసుకున్నాడు.

కుసుమ అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళ తర్వాత గొంతెత్తి, హాలు దద్దరిల్లేలా, వరండాలో ఉన్న జనం లోపలికి తొంగి చూసేంత గట్టిగా ఏడ్చింది. అమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఊరుకోమని మాత్రం అనలేదు.